దేవదాసు ఉత్తరం పార్వతికి చేరింది

(సినిమా కథా చర్చల్లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు చెన్నై వడపళనిలో ఉంటున్న రచయిత్రి పాఠకుల ప్రశ్నలకు ఇచ్చే జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత విషాద ప్రేమకథలను ఇవాళ్టి తెరకు తేవడం గురించే కాబట్టి వాటినే తీసుకున్నాం.)

ప్రశ్న: అమ్మగారూ, నేను సాలిగ్రామంలో రూమ్ తీసుకుని అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. దేవదాసు కథను ఇవాళ్టి చెన్నైకి మార్చి లైన్ రాసుకున్నాను. హీరో ఇక్కడి ఐటీ కంపెనీల రోడ్డు ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నెరేషన్ విన్న ప్రొడ్యూసర్ "చేతిలో ఫోన్ ఉన్నవాడికి విరహం ఏంటయ్యా? ఒక్క వీడియో కాల్‌తో కథ అయిపోతుంది" అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఏం చెప్పాలి?
— ఒక అసిస్టెంట్ డైరెక్టర్, సాలిగ్రామం

జవాబు: బాబూ, ఆయన అడిగింది మంచి ప్రశ్నే. కానీ అది రోమియో జూలియట్‌ని అడగాల్సిన ప్రశ్న. అక్కడ జూలియట్ నిజంగా చనిపోలేదని చెప్పే ఉత్తరం రోమియోకి అందదు. ఉత్తరం తీసుకెళ్తున్న సన్యాసిని ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేస్తారు. 1996లో బాజ్ లుర్మన్ ఆ కథను తుపాకులు, కార్లు ఉన్న ఊళ్లో తీసినప్పుడు కూడా ఆ ముడిని వదల్లేదు. కొరియర్ వాడు వచ్చే సమయానికి రోమియో ఇంట్లో ఉండడు. ఆ కథ నిలబడాలంటే కబురు అందకూడదు. అక్కడ ఫోన్ పెడితే కొత్త ముడి వెతుక్కోక తప్పదు.

దేవదాసులో కబురు అందింది. మీ ప్రొడ్యూసర్‌కి చెప్పాల్సిన మాట ఇదే. 1917లో అచ్చయిన బెంగాలీ రచయిత శరత్ నవల మళ్లీ తీసి చూడండి. పార్వతి అర్ధరాత్రి ఒక్కతే అతని గదికి వస్తుంది. అతను ఇంట్లో అడుగుతాడు, తండ్రి కాదంటాడు. కలకత్తా వెళ్లిపోయి, అక్కడి నుంచి పార్వతికి ఉత్తరం రాస్తాడు. అమ్మానాన్నల మనసు కష్టపెట్టలేనని, నిన్ను అంతగా ప్రేమించానని నాకెప్పుడూ అనిపించలేదని, నన్ను మరిచిపొమ్మని. ఉత్తరం పోస్టులో వేశాక గాని తాను చేసిందేమిటో అతనికి తెలిసిరాదు. పరుగున ఊరికి వస్తాడు. అప్పటికి పార్వతి ఉత్తరం చదివేసింది, మనసు గట్టి చేసుకుంది. ఈ కథలో కబురు దారి తప్పలేదు, తపాలా వాళ్ల తప్పూ లేదు. మనసులో లేని మాటను భయపడి రాసి పంపాడు, అది చక్కగా చేరింది. ఫోన్ ఉంటే ఇంకా తొందరగా చేరుతుంది, అంతే.

కాబట్టి ఫోన్‌ని దాచకండి, కథ మధ్యలోకి తీసుకురండి. షోలింగనల్లూరు సిగ్నల్ దగ్గర ఆగిన ఆఫీసు బస్సులో అతను ఆ మెసేజ్ టైప్ చేస్తాడు. పంపుతాడు. బస్సు కదిలేలోపే డిలీట్ చేస్తాడు. అవతల పెరంబూరులో ఆ అమ్మాయి అప్పటికే చదివేసింది. చూస్తుండగానే ఆ మాటలు పోయి, మెసేజ్ డిలీట్ చేశారన్న లైన్ ఒకటి మిగులుతుంది. అతను రాసిందీ ఆమెకు తెలుసు, చెరిపిందీ తెలుసు. అతనికి మాత్రం ఆమె చదివిందో లేదో తెలియదు. ఇప్పుడు ఆమె ఫోన్ చేస్తుందా? చెయ్యదు. ఎందుకు చెయ్యదో మీరు రాయగలిగితే, ఆ పార్వతి మీ పార్వతి అయినట్టే. ఆ సీన్‌కి వాయిస్ ఓవర్ పెట్టొద్దు. వెనక పాట కూడా వద్దు.

మీ లైన్‌లో నాకు కనబడే అసలు చిక్కు ఫోన్ కాదు, హీరో ఉద్యోగం. నవల్లో దేవదాసు జమీందారు కొడుకు. కట్టుకునే పంచె దగ్గర్నుంచి పట్నంలో పెట్టే ఖర్చు దాకా అంతా తండ్రి డబ్బే. అందుకే తండ్రి 'వద్దు' అంటే అతని కాళ్ల కింద నేల కదిలింది. మీ హీరోకి నెల నెలా సొంత జీతం వస్తుంది. మరి తండ్రికి ఎందుకు భయపడుతున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఇంటర్వెల్ దాకా వెళ్తే, ప్రేక్షకుడు మీ హీరోని చేతకానివాడనుకుని వదిలేస్తాడు. అతన్ని ఆఫీసు నుంచి తీసుకొచ్చి తండ్రి వ్యాపారంలో కూర్చోబెట్టండి. మాధవరం వైపు లారీ ట్రాన్స్‌పోర్ట్ అనుకోండి. కారు కంపెనీ పేరు మీద, ఫ్లాట్ తండ్రి పేరు మీద, ఇతనికి మాత్రం చేతిఖర్చుకి డబ్బు. అలాంటి ముప్పై ఏళ్ల పిల్లల్ని నేను ఈ ఊళ్లో చాలామందిని చూశాను. తండ్రి గట్టిగా అరవనక్కర్లేదు. రాత్రి భోజనం దగ్గర "నీ ఇష్టం నాయనా, కానీ రేపటి నుంచి ఆఫీసుకి రావద్దు" అని మజ్జిగ పోసుకుంటే చాలు. ఆ తండ్రి వేషానికి మంచి నటుణ్ణి వెతకండి, హీరో కంటే ముందు.

ఇంకొకటి. నవల్లో వాళ్లిద్దరిదీ ఒకే కులం, పక్కపక్క ఇళ్లు. పార్వతి వాళ్లు ఆడపిల్లకు డబ్బు తీసుకుని పెళ్లి చేసే ఇంటివాళ్లని, పైగా పొరుగింటి సంబంధమని దేవదాసు ఇంట్లో చిన్నచూపు. ఒకే కులంలో కూడా పై మెట్టు, కింది మెట్టు ఉంటాయని శరత్ వందేళ్ల కిందటే పట్టుకున్నాడు. ఇవాళ అదే గీత ఎక్కడుందో మీరు చూసి రాయాలి. అద్దెకుండే వాళ్ల అమ్మాయీ ఇంటి ఓనర్ గారి అబ్బాయీ అనుకుంటే, చెన్నైలో ఆ గీత ప్రతి మేడ మెట్ల మీదా ఉంది.

ప్రశ్న: ఆంటీ, మా కాలేజీలో 1953 నాటి దేవదాసు వేశారు. సావిత్రి గారి నటన అందరికీ నచ్చింది గానీ, పార్వతి పాత్ర చూసి మా ఫ్రెండ్స్ "ఇంత మెతకా?" అన్నారు. ఇప్పుడు తీస్తే ఆమెకు ఉద్యోగం, స్కూటీ, ఇంగ్లీషు పెడితే సరిపోతుందా?
— ఒక విద్యార్థిని, పెరంబూరు

జవాబు: తల్లీ, సరిపోదు. పార్వతి మెతక కూడా కాదు. ఆ రోజుల్లో పెళ్లికాని పిల్ల అర్ధరాత్రి పొరుగింటి మగవాడి గదిలోకి వెళ్లి, నన్ను నీ పాదాల దగ్గర ఉండనివ్వమని అడగడం చిన్న విషయం కాదు. పరువు పోతుందని అతను భయపడ్డాడు, ఆమె భయపడలేదు. కథ మొత్తంలో సొంతంగా ఒక నిర్ణయం తీసుకుని, దాని మీద నిలబడింది ఆమె ఒక్కతే.

ఇవాళ మారింది ఆమె ధైర్యం కాదు, ఆమెకున్న దారులు. నవల్లో ఆమెను తనకంటే చాలా పెద్దవాడైన భార్యపోయిన జమీందారుకిస్తారు. ఆయనకప్పటికే ఎదిగిన పిల్లలున్నారు. పార్వతి ఆ ఇంట్లో అడుగుపెట్టి, నగలు సవతి కూతురికిచ్చేసి, ఇల్లంతా చక్కదిద్దుతుంది. ఇవాళ్టి పార్వతి ఆ పెళ్లి వద్దనగలదు, చేసుకున్నా బయటికి రాగలదు. కాబట్టి ఆమె ఎందుకు ఒప్పుకుంది, ఎందుకు ఉండిపోయింది అన్నది స్క్రీన్‌ప్లేలో కనబడాలి. అతని మీద కోపంతో చేసుకుందా, నిజంగానే ఆ ఇల్లు ఆమెకు నచ్చిందా? నేనైతే రెండోది రాస్తాను. ఆమెకు అక్కడ పని ఉంది, గౌరవం ఉంది, అమ్మా అని పిలిచే పిల్లలున్నారు. దేవదాసు లేకపోయినా ఆమె రోజు నిండుగా గడుస్తుందని చూపిస్తే, చివర్లో గేటు దగ్గరికి ఆమె పరుగెత్తడం ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఇక నవల్లో దేవదాసు చేపల గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొట్టే ఘట్టం ఉంది. ఆ మచ్చను ప్రేమగుర్తుగా చూపించే కాలం పోయింది. ఉంచితే దెబ్బను దెబ్బలాగే చూపించాలి. రక్తం తుడుచుకుంటూ ఆమె ఇంట్లోకి వెళ్లి తల్లికి ఏం చెప్పిందో చూపించాలి. ఆ సీన్ తీసే ధైర్యం లేకపోతే మొత్తం తీసెయ్యండి, గాజుగుడ్డ కప్పినట్టు మెత్తగా మాత్రం చూపించొద్దు.

ప్రశ్న: మతాలు వేరైన ఇద్దరి ప్రేమకథ రాస్తున్నాను. అబ్బాయి పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగు క్రైస్తవుడు, అమ్మాయి నెల్లూరు నుంచి వచ్చిన హిందువు. విషాదాంతం. మొదటి షాట్‌లోనే సీసీటీవీలో హత్య చూపించి, తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌కి వెళ్దామనుకుంటున్నాను. సస్పెన్స్ ఎలా నిలపాలి?
— ఒక కొత్త రచయిత, విల్లివాక్కం

జవాబు: ముందు ఆ మొదటి షాట్ గురించి. 2016లో ఉడుమలైపేట బస్టాండ్ దగ్గర, 2018లో మిర్యాలగూడ ఆసుపత్రి బయట జరిగిన, కులం దాటి పెళ్లి చేసుకున్న యువకుల హత్యలు నిజంగానే కెమెరాలకు చిక్కాయి, ఊరూరా ఫోన్లలో తిరిగాయి. రెండు చోట్లా బతికి ఉన్న భార్య ఉంది. అదే కోణంలో, అదే మసక రంగులో మళ్లీ తీస్తే మీ సినిమా ఆ వీడియోకి ఇంకో కాపీ అవుతుంది. నాకది చాలా బాధగా అనిపిస్తుంది. దయచేసి మార్చండి.

సస్పెన్స్‌కి హత్య అక్కర్లేదు, మీ కథలోనే ముప్పై రోజుల గడియారం ఉంది. మతాలు మార్చుకోకుండా, క్రైస్తవ వివాహ చట్టం దారిలోనూ కాకుండా వాళ్లు పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందికి రావాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం ముప్పై రోజులు ఉండి ఉండాలి. మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. ముప్పై రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మీరు అస్సలు వదులుకోకూడని సంగతి ఇంకొకటుంది. వాళ్లలో ఎవరి శాశ్వత చిరునామా అయినా వేరే జిల్లాలో ఉంటే, నోటీసు కాపీ అక్కడి ఆఫీసుకి కూడా వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. అంటే చెన్నైలో రహస్యంగా సంతకం పెట్టిన అమ్మాయి పేరు నెల్లూరులో గోడ మీద ఉంటుంది. అది ఎవరి కంటపడుతుందో అన్న టెన్షన్ మీ రెండో సగం మొత్తాన్ని మోస్తుంది. గడువు అయ్యాక కూడా నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికి రావాలి.

1978లో బాలచందర్ గారి 'మరోచరిత్ర'లో పెద్దలు ప్రేమికులకు ఏడాది ఎడబాటు షరతు పెట్టారు. ఆ ఏడాదే సినిమాను నడిపింది. అబ్బాయి తమిళుడు, అమ్మాయి తెలుగు. మౌంట్ రోడ్డు సఫైర్ థియేటర్లో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. తెలుగు ఒక్క ముక్క రాని తమిళ కుటుంబాలు మళ్లీ మళ్లీ వచ్చి చూడటం నేను ఆ క్యూలో నిలబడి చూశాను. అక్కడ పెద్దలు పెట్టిన గడువు ఇక్కడ చట్టం పెడుతోంది. విలన్ లేకుండానే రోజులు లెక్కపెట్టించొచ్చు.

జాగ్రత్త ఒకటి. ఇద్దరూ హిందువులైతే తమిళనాడులో ఈ ముడి నిలవదు. 1967లో ఇక్కడ చేసిన సవరణతో, బంధువుల, స్నేహితుల ముందు దండలో ఉంగరాలో మార్చుకున్నా పెళ్లి చెల్లుతుంది, పురోహితుడు అక్కర్లేదు. కాబట్టి మతాలు వేరని మీరు పెట్టుకోవడం మంచిదైంది, మధ్యలో మార్చకండి. అలాగే "పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదు?" అని ప్రేక్షకుడు అడుగుతాడు. ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. మీ వాళ్లు వెళ్లాలి. వెళ్లాక ఏమైందో మీరు రాయాలి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ప్రేమ చెడిందని తాగుతున్నాడు. స్టేటస్‌లో అన్నీ తాగుడు పాటలే. నాకు ఆ సినిమాల మీదే కోపం వస్తోంది. మళ్లీ మళ్లీ అదే కథ ఎందుకు తీస్తారు?
— ఒక తల్లి, వ్యాసార్‌పాడి

జవాబు: అక్కా, మీ ఉత్తరం చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మా పెద్దన్నయ్య తాగుడుతోనే పోయాడు. అతనికి ప్రేమ విఫలం కాలేదు, పాటలూ పాడలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికి కాఫీ ఒలికేది. మొదటి పెగ్గు పడితే గాని ఆ వణుకు ఆగేది కాదు. చివర్లో కళ్లు పసుపు, పొట్ట ఉబ్బు, కాళ్లు పుల్లలు. మా వదిన బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దాచేది. ఇవేవీ సినిమాల్లో నేను చూడలేదు.

1953 దేవదాసులో తాగి తూలే సీన్లు రాత్రిళ్లు తీశారని, కళ్లు మత్తుగా కనబడటానికి పెరుగన్నం తిని నటించానని అక్కినేని గారు చెప్పేవారు. గొప్ప నటన అది, నేను కాదనను. సుబ్బురామన్ గారి సంగీతం, ఘంటసాల గారి గొంతు కలిసి ఆ దుఃఖాన్ని అందంగా చేసేశాయి. అందుకే మనం పాటను గుర్తుపెట్టుకుని, నవల చివర్లో శరత్ చెప్పిన మాట మరిచిపోయాం. ఇలాంటి చావు ఎవరికీ రాకూడదని, పోయే క్షణంలో నుదుటి మీద ఒక ప్రేమగల చెయ్యి ఉండాలని పాఠకుల్ని వేడుకుంటాడు. అందులో తాగుడుకి మెచ్చుకోలు ఒక్క అక్షరం లేదు.

ఇప్పుడు తీసేవాళ్లకు నేను చెప్పేది, వ్యాధిని వ్యాధిలా చూపించండి అని. మన చెన్నైలోనే అడయారు ఇందిరానగర్‌లో టీటీకే ఆసుపత్రి ఉంది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టిన సంస్థ అది. ఇవాళ్టి దేవదాసుని, నవల్లోని పాత నౌకరు ధర్మదాసు లాంటి నమ్మకమైన మనిషి ఎవరైనా అలాంటి చోటికి తీసుకెళ్తాడు. మా అన్నయ్యను కూడా తీసుకెళ్దామన్నాం, ఆటో ఎక్కలేదు. ఆ ఎక్కకపోవడంలో ఎంత కథ ఉందో రాసేవాళ్లు ఆలోచించాలి.

మీ అబ్బాయి విషయానికొస్తే, పాటల మీద గొడవ పెట్టుకోకండి. రోజూ తాగే అలవాటు పడి ఉంటే ఇంట్లో బలవంతంగా ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే బెదిరింపు అనుకుని వదిలెయ్యకండి. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల మాట వినడానికి 'స్నేహ' అనే సంస్థ 1986 నుంచి ఈ ఊళ్లో పనిచేస్తోంది. అతనితో మాట్లాడించండి, మీరూ మాట్లాడండి. ఈ పత్రిక ద్వారా నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తాను.

ప్రశ్న: చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పాత్రలు ఏ తెలుగు మాట్లాడాలి? హైదరాబాద్‌లో డబ్బింగ్‌లో మొత్తం మార్చేస్తామంటున్నారు.
— ఒక డైలాగ్ రచయిత, రాయపురం

జవాబు: మార్చనివ్వకండి. "ఏం చేస్తా ఉండావు?", "వాడు నిన్ననే వచ్చిండాడు" అనే మాటలు ఇక్కడి ఇళ్లలో రోజూ వినబడతాయి. మధ్యలో ఒక 'సరి', ఒక 'ఐయో' వస్తాయి. కోపమొస్తే సగం తమిళం. ప్రేమికులు ఒకరితో ఒకరు అలాగే మాట్లాడాలి. తండ్రి ముందు మాత్రం అబ్బాయి పుస్తకాల తెలుగులోకి మారితే, అతనికెంత భయమో డైలాగ్ లేకుండానే తెలుస్తుంది.

ప్రశ్న: దేవదాసు తీయడానికి ఎవరి దగ్గరైనా హక్కులు కొనాలా?
— ఒక చిన్న నిర్మాత, టి.నగర్

జవాబు: శరత్ 1938లో పోయారు. మూల నవల మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, బెంగాలీ కథను ఎవరైనా తీయొచ్చు. కానీ అనువాదానికి వేరే హక్కు ఉంటుంది. శరత్ నవలలను తెలుగువాళ్లకు దగ్గర చేసిన చక్రపాణి గారు 1975లో పోయారు. రచయిత పోయాక అరవై ఏళ్లు లెక్క కాబట్టి ఆయన అనువాదాలకు 2035 చివరిదాకా రక్షణ ఉంటుంది. మీ రచయిత తెలుగు పుస్తకంలోని వాక్యాలు ఎత్తి డైలాగులుగా పెట్టకుండా చూసుకోండి. 1953 సినిమా పాటలు రాసిన సముద్రాల సీనియర్ గారు 1968లో పోయారు, అంటే ఆ సాహిత్యానికి 2028 చివరిదాకా. పాత పాట రీమిక్స్ చేద్దామని మ్యూజిక్ డైరెక్టర్ సరదా పడితే, అడ్వాన్స్ ఇవ్వకముందే లాయర్‌కి చూపించి, ఆడియో హక్కులున్న వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నన్నడిగితే ఆ డబ్బుతో కొత్త పాట రాయించండి.